పొటాషియం 7.4, ఏఎల్‌పీ 31: ఒక ఉద్దానం శాంపిల్ కథ

ఈ కేసు జరిగి చాన్నాళ్ళైంది. పేషెంట్ వాళ్ళబ్బాయిని అడిగి, ఊరి పేరు తీసేసి, వయసూ టైములూ కొంచెం అటూ ఇటూ మార్చి రాస్తున్నాను. నేను శ్రీకాకుళంలో ఒక డయాగ్నస్టిక్ ల్యాబ్‌లో బయోకెమిస్ట్‌ని, డాక్టర్‌ని కాదు, అంచేత మందుల జోలికి పోను, ట్యూబు మా బెంచీ మీదకి వచ్చిన దగ్గర్నుంచి రిపోర్టు సరిదిద్దేదాకా నా బుర్రలో ఏం తిరిగింది, ఎక్కడ తప్పు చేశాను అన్నదే చెప్తాను. తప్పు మా ల్యాబ్‌దే, అందులో పెద్ద వాటా నాదే, అది ముందే చెప్పీస్తున్నాను.

ముందు కొంచెం సంగతి

మాకు శాంపిల్స్ సగం టౌన్ నుంచి వస్తాయి, మిగతా సగం కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు వైపు కలెక్షన్ సెంటర్ల నుంచి ఐస్ బాక్సుల్లో వస్తాయి. ఉద్దానం గురించి తెలుగువాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు కదా, కొబ్బరి తోటలు, జీడి తోటలు, ఆ తోటల మధ్య ఇన్నేళ్ళుగా కారణం తేలని కిడ్నీ జబ్బు. కొత్తగా చేరిన టెక్నీషియన్ కిడ్నీ ఎంత దెబ్బతిందో చెప్పే క్రియాటినిన్ 6 చూసి కంగారుపడి నా దగ్గరికి పరిగెత్తుకొస్తాడు, ఆర్నెల్లు పోయాక అదే 6 చూసి టీ తాగుతూ ఓకే కొట్టీస్తాడు. నేను కూడా అంతే. కళ్ళు అలవాటు పడిపోయాయి. ఈ అలవాటు ఈ కేసులో ఒక పాత్రధారి అనుకోండి.

పేషెంట్ యాభై దాటిన ఆయన, జీడిపప్పు ఫ్యాక్టరీలో చాలా ఏళ్ళు పని చేసి ఒంట్లో బాగోక మానేశాడు. కిడ్నీ జబ్బు నాలుగో స్టేజి, డయాలసిస్ ఇంకా మొదలెట్టలేదు, ఆరు వారాలకోసారి రక్తం ఇస్తాడు. మా సిస్టమ్‌లో పాత రిపోర్టులు వరసగా ఉన్నాయి: క్రియాటినిన్ 3.9, 4.1, పొటాషియం 5.0, 5.2, కాల్షియం 8.3 దరిదాపుల్లో, ఏఎల్‌పీ అంటే ఎముకల్లో, లివర్లో ఉండే ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ అనే ఎంజైమ్ 165, 172. మగవాళ్ళకి 130 దాకా నార్మల్ అనుకుంటే ఈయనది కొంచెం ఎక్కువ. కిడ్నీ జబ్బులో ఎముకలు కూడా దెబ్బతింటాయి కాబట్టి అది మామూలే, ఎవరూ పట్టించుకోలేదు.

ఆ రోజు

పొద్దున్న ఎనిమిదింటికి తీసిన రక్తం మాకు పన్నెండుకి అందింది. సెంట్రిఫ్యూజ్ దగ్గరున్న కుర్రాడు "మేడమ్, ఈ రెడ్ ట్యూబు క్లాట్ సరిగ్గా పట్టలేదు, జెల్లీ జెల్లీగా ఉంది, రెండోసారి తిప్పుతున్నాను" అన్నాడు. రెడ్ ట్యూబులో రక్తాన్ని గడ్డకట్టనిచ్చి, పైన తేరే నీటితో, అంటే సీరంతో, పరీక్షలు చేస్తాం. కుర్రాడికి ఊఁ అన్నాను. అది విన్నాను గానీ విన్లేదు, దాని సంగతి తర్వాత చెప్తాను.

రిజల్ట్ ఇదీ: సోడియం 138, యూరియా 118, క్రియాటినిన్ 4.2, ఫాస్పరస్ 5.3, ఏఎల్‌టీ ఏఎస్‌టీ అనే లివర్ ఎంజైములు మామూలుగానే ఉన్నాయి. పొటాషియం 7.4. కాల్షియం 4.6. ఏఎల్‌పీ 31.

పొటాషియం 7.4 అంటే గుండె ఏ నిమిషానైనా ఆగొచ్చు. అలాంటి నంబరు వస్తే ఆలస్యం చెయ్యకుండా డాక్టర్‌కి ఫోన్ చెయ్యాలి, అది రూలు. నేను ఏం చేశానంటే, ముందు మెషీన్‌ని అనుమానించాను. పొటాషియం కొలిచే ఎలక్ట్రోడ్ క్యాలిబ్రేషన్ చూశాం, కంట్రోల్స్, అంటే విలువ ముందే తెలిసిన శాంపిల్స్, రెండు లెవెల్స్ నడిపాం, అన్నీ లైన్లోనే ఉన్నాయి. తర్వాత హీమోలిసిస్, అంటే ఎర్రకణాలు పగిలితే లోపలి పొటాషియం బయటికొచ్చేస్తుంది కదా, సీరం ఎర్రగా ఉండాలి, ఇది శుభ్రంగా గడ్డి రంగులో ఉంది. ఐస్ బాక్సులో గంటల తరబడి సీరం వేరు చెయ్యకుండా ఉంచితే రంగు మారకుండానే పొటాషియం పెరుగుతుంది, అది మాకు ఉద్దానం శాంపిల్స్‌లో అప్పుడప్పుడు తగిలే తలనొప్పే, కానీ దానివల్ల కాల్షియం సగానికి పడిపోదు. సరే అని అదే సీరం మళ్ళీ రన్ చేశాం. పొటాషియం 7.4, కాల్షియం 4.6, ఏఎల్‌పీ 29.

అప్పుడు ఫోన్ చేశాను. ఆ ఫోన్‌లో నేనన్న మాట ఇప్పటికీ చెవిలో మోగుతుంది: "రెండుసార్లు రన్ చేశాం డాక్టర్ గారూ, కన్ఫర్మ్."

కన్ఫర్మ్ అయిందేమిటి? మెషీన్ సరిగ్గా కొలిచిందని కన్ఫర్మ్ అయింది. ట్యూబులో ఉన్నది పేషెంట్ ఒంట్లో ఉన్న రక్తమేనా అన్నది ఎవరు కన్ఫర్మ్ చేశారు? ఒకే సీరం పదిసార్లు పెట్టినా పదిసార్లూ అదే అబద్ధం చెప్తుంది. ఇన్నేళ్ళ సర్వీసులో ఈ ముక్క నేనే ఎంతమంది పిల్లలకి చెప్పుంటానో లెక్కలేదు, ఆ రోజు నేనే మర్చిపోయాను, ఎందుకంటే ఆ నంబర్లు కథకి సరిపోయాయి. కిడ్నీ పేషెంట్‌కి పొటాషియం పెరుగుతుంది, కాల్షియం తగ్గుతుంది, పుస్తకంలో ఉన్నట్టే ఉంది. అదే రిజల్ట్ ఏ ఇరవయ్యేళ్ళ ఆరోగ్యవంతుడికో వస్తే ఒక్క క్షణం కూడా నమ్మేదాన్ని కాదు.

డాక్టర్ గారు బుర్రున్న మనిషి, వెంటనే ఈసీజీ తీయించారు. అరగంటలో తిరిగి ఫోన్ చేసి ఈసీజీ శుభ్రంగా ఉందనీ, పేషెంట్ ఇడ్లీ తిని అరుగు మీద కూర్చుని కబుర్లు చెప్తున్నాడనీ, అయినా 7.4 చేతిలో పెట్టుకుని పల్లెటూళ్ళో ఉంచే ధైర్యం లేదనీ, వైజాగ్ పంపించేస్తున్నాననీ చెప్పారు. ఆయన్ని తప్పు పట్టలేం. ఇంట్లోవాళ్ళు చేబదులు తెచ్చుకుని బండి మాట్లాడుకున్నారని తర్వాత తెలిసింది.

నాకు దురద పెట్టింది ఎక్కడంటే

ఫోన్ పెట్టీసి డబ్బా విప్పాను గానీ అన్నం సయించలేదు. ఈసీజీ బాగుండటం ఒక్కటే సాక్ష్యం కాదు, పొటాషియం నిజంగా పెరిగినా కొందరికి ఈసీజీ మారదు. కాల్షియం నిజంగా 4.6 అయితే మాత్రం మనిషి చేతులు కొంకర్లు పోవాలి, ఒళ్ళు తిమ్మిర్లెక్కాలి, ఇడ్లీ తిని కబుర్లు చెప్పడు. అయినా నన్ను పీకింది ఆ రెండూ కాదు, ఏఎల్‌పీ. 172 ఉన్నది 31 ఎలా అయింది?

మామూలుగా ఏఎల్‌పీ తక్కువొస్తే ఎవడూ చూడడు. ఎక్కువైతే లివరో ఎముకో అని గొడవ, తక్కువైతే "మంచిదే కదా" అన్నట్టు వదిలేస్తారు. నేను ఆలోచించింది ఇలా: ఏఎల్‌పీ నిజంగా తగ్గే కారణాలు కొన్నే. ఎముకలు బలహీనపడే హైపోఫాస్ఫటేషియా అనే పుట్టుకతో వచ్చే జబ్బు, అదైతే ముందు నుంచీ తక్కువే ఉండాలి, ఈయనకి లేదు. థైరాయిడ్ బాగా తగ్గడం, సరిగ్గా తిండి లేకపోవడం. ఇంకోటి, జింక్ లోపం.

జింక్ దగ్గర నేను ఆగిపోయాను. ఏఎల్‌పీ జింక్ మీద నడిచే ఎంజైమ్, కిడ్నీ పేషెంట్లు పథ్యం పేరుతో పప్పులూ మాంసం తగ్గించేస్తారు, జింక్ తగ్గుతుంది, ఏఎల్‌పీ తగ్గుతుంది. ఎంత చక్కగా కుదిరింది! నలభై నిమిషాలు ఆ సిద్ధాంతంతో కాపురం చేశాను, ఒక సీనియర్‌కి ఫోన్ చేసి కూడా చెప్పాను. ఆయన ఓపిగ్గా విని ఒక్కటే అడిగారు: "జింక్ లోపం పొటాషియంని పెంచుతుందా?" పెంచదు. "ఆరు వారాల్లో ఏఎల్‌పీని అయిదో వంతు చేస్తుందా?" చెయ్యదు, కనీసం ఈ తీరున చెయ్యదు. మరి ఒకే రోజు ఒకే ట్యూబులో మూడు వింతలు వస్తే మూడు కారణాలు వెతకాలా, ఒకటి వెతకాలా?

ఫోన్ పెట్టాక అదే సీరం ఏఎల్‌పీ ఒక్కటే మూడోసారి పెట్టించాను. మొదటి రన్‌కి దానికి మధ్య రెండు గంటలు గడిచింది. 22.

31, 29, 22. బల్ల మీదున్న ట్యూబులో ఎంజైమ్ చచ్చిపోతూ ఉంది. పేషెంట్ ఒంట్లో జింక్ లేకపోతే విలువ తక్కువగా ఉంటుంది గానీ గంటగంటకీ దిగదు. ఎవరో ఆ ట్యూబులో కూర్చుని ఎంజైమ్ లోంచి జింక్ ఊడబీకుతున్నారు. జింక్‌ని పీకేదీ, కాల్షియాన్ని పట్టుకునేదీ, వస్తూ వస్తూ పొటాషియం తెచ్చేదీ ఒకటే మా ల్యాబ్‌లో ఉంది. రక్తం గడ్డకట్టకుండా పర్పుల్ ట్యూబులో ఉండే మందు, ఈడీటీఏ.

మెగ్నీషియం కూడా చూద్దామని పెట్టాను, కిడ్నీ పేషెంట్లకి మామూలుగా కాస్త ఎక్కువ పక్కనే ఉంటుంది, ఈయనకి 0.9 వచ్చింది. ఇంక అనుమానం లేదు. జెల్లీలాంటి క్లాట్ కూడా అప్పుడు గుర్తొచ్చింది. గడ్డ కట్టడానికి కాల్షియం కావాలి, దాన్ని సగం ఈడీటీఏ మింగేసింది, అందుకే క్లాట్ సరిగ్గా పట్టలేదు. పన్నెండు గంటలకే కుర్రాడు సమాధానం చెప్పీసాడు, నేను ఊఁ కొట్టాను.

కలెక్షన్ సెంటర్‌కి ఫోన్ చేశాను. కోప్పడకుండా అడిగాను, కోప్పడితే నిజం రాదు.

"పొద్దున్న ఆ పెద్దాయనకి రక్తం సరిగ్గా వచ్చిందా బాబూ?"

"లేదు మేడమ్, నరం దొరకలేదు, రెండుసార్లు గుచ్చినాను."

"ముందు ఏ ట్యూబు నింపావు?"

"పర్పుల్ మేడమ్... తర్వాత రెడ్డులోకి చాల్లేదు. పర్పుల్లో కాస్త ఎక్కువే పడీసింది కదాని అందులోంచి కొంచెం ఒంపీసాను. అదీ అదే రక్తం కదా మేడమ్?"

అదీ అదే రక్తం కదా. ఈ ప్రశ్నకి వాడికి ఎప్పుడూ ఎవరూ జవాబు చెప్పలేదు, మేమూ చెప్పలేదు. పెద్దాయనకి మూడోసారి సూది గుచ్చడం ఇష్టంలేక జాలిపడి చేసిన పని అది.

బండిని ఆపాలా వద్దా

అప్పటికి బండి బయల్దేరి టెక్కలి దాటింది. ఇక్కడ నిర్ణయం కష్టం. "పొటాషియం బాగానే ఉంది, వెనక్కి వెళ్ళిపోండి" అని చెప్పాలని నోటిదాకా వచ్చింది, ఆపుకున్నాను. ఎందుకంటే పాత నంబరు తప్పని నాకు తెలుసు, అసలు నంబరు ఎంతో నాకు తెలీదు. 5.1 కావచ్చు, 6.5 కూడా కావచ్చు. ఒక తప్పు కన్ఫర్మ్ చెప్పినదాన్ని ఇంకో తప్పు కన్ఫర్మ్ చెప్పలేను కదా. అలాగని వైజాగ్ దాకా పోనిస్తే, అక్కడ క్యాజువాలిటీలో మా రిపోర్టు చూసి ఇన్సులిన్, గ్లూకోజ్ మొదలెట్టేస్తే, నిజంగా 5 ఉన్న పొటాషియం ఇంకా కిందకి పోతుంది, కిడ్నీ పనిచెయ్యని మనిషికి ఇన్సులిన్ ఎక్కువసేపు ఒంట్లో ఉండిపోయి షుగర్ పడిపోతుంది. లేని జబ్బుకి వైద్యం చేస్తే కొత్త జబ్బు తెచ్చినట్టే.

వైజాగ్ వెళ్ళాలంటే ఎలాగూ శ్రీకాకుళం మీదుగానే పోవాలి. డాక్టర్ గారికి ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పాను, శాంపిల్ కలుషితమైందని అనుమానం, పాత రిపోర్టు వెనక్కి తీసుకుంటున్నాం, దారిలో మా దగ్గర ఇరవై నిమిషాలు ఆగితే మళ్ళీ తీసి చూస్తాం, నిజంగా ఎక్కువుంటే అట్నుంచి అటే వైజాగ్ వెళ్ళిపోవచ్చు. ఆయన ఒక్క క్షణం మాట్లాడలేదు, తర్వాత సరేనన్నారు.

సింహద్వారం దగ్గర హైవే దిగి వచ్చారు. పెద్దాయన నడిచే లోపలికొచ్చాడు. "ఏటి తల్లీ, మళ్ళీ గుచ్చుతావేటి, పొద్దున్న రెండుసార్లు గుచ్చినారు గదా" అన్నాడు. నేనే తీశాను. ముందు రెడ్డు, తర్వాత పర్పుల్. పొటాషియం 5.1, కాల్షియం 8.3, మెగ్నీషియం 2.3, ఏఎల్‌పీ 169.

బయట కుర్చీలో కూర్చున్న వాళ్ళబ్బాయికి విషయం విడమర్చి చెప్పాను, తప్పు మాదేనని కూడా చెప్పాను. ఎంజైమ్, జింక్ అంటుంటే "జింకంటే, మడికి ఏస్తాం ఆ జింకేనా?" అని అడిగాడు. ఆ జింకే. వరి ఆకు మీద తుప్పు మచ్చలు పడితే జింక్ సల్ఫేట్ ఎందుకు వేస్తారో, ఆయన ఏఎల్‌పీ ఎందుకు పడిపోయిందో, రెండింటికీ వేరు ఒకటే. అతను నాకన్నా తొందరగా పట్టుకున్నాడు. బండి ఖర్చు ల్యాబ్ ఇచ్చింది, సగమే ఇస్తామని మొదట మా మేనేజ్‌మెంట్ బేరమాడింది గానీ తర్వాత మొత్తం ఇచ్చారు.

బెంచీ మీద చేసి చూశాం

ఆ వారం చివర్లో ల్యాబ్ వాళ్ళం అందరం కూర్చుని ఇది మళ్ళీ చేసి చూశాం, మాటలతో చెప్తే ఎవరికీ ఎక్కదని. నా రక్తమే తీశాం. ఒక గ్లాసులో రెండు చుక్కల మజ్జిగ వేస్తే పాలు ఏమవుతాయో చూపించినట్టన్నమాట. శుద్ధ సీరంలో నా ఏఎల్‌పీ 84. పదో వంతు పర్పుల్ ప్లాస్మా, అంటే పర్పుల్ ట్యూబులో పైన తేరిన నీరు, కలిపితే పొటాషియం ఒకటిన్నర దాకా పెరిగింది, అయిదో వంతు కలిపితే దాదాపు మూడు, కాల్షియం దానికి తగ్గట్టు దిగింది, ఏఎల్‌పీ మాత్రం కలిపిన వెంటనే పెద్దగా మారలేదు, గంటలు గడిచేకొద్దీ దిగింది. ఇది గమనించండి, పొటాషియం, కాల్షియం వెంటనే అబద్ధం చెప్తాయి, ఏఎల్‌పీ మెల్లగా చచ్చిపోతూ అసలు సంగతి బయటపెడుతుంది.

పర్పుల్ ట్యూబులో ఒక మిల్లీలీటర్ రక్తానికి సుమారు 1.8 మిల్లీగ్రాముల ఈడీటీఏ ఉంటుంది, పొటాషియం ఉప్పు రూపంలో. పొటాషియం అక్కడ ఊరికే వెంట వచ్చిన చుట్టం, అసలు పనిమంతుడు ఈడీటీఏ. అది లోహపు అయాన్‌ని ఆరు వైపుల నుంచి చేతులేసి పట్టుకుంటుంది. ట్యూబు తయారుచేసినవాడు దాన్ని పెట్టింది కాల్షియం కోసమే, రక్తం గడ్డకట్టకుండా. కానీ దానికి కాల్షియం మీద ఉన్న ప్రేమకన్నా జింక్ మీద ప్రేమ లక్షల రెట్లు ఎక్కువ. అందుకే చుట్టూ కాల్షియం దండిగా ఉన్నా, ఎంజైమ్ లోపల దాక్కున్న జింక్ ఎప్పుడు కాస్త వదులైతే అప్పుడు లాగేసుకుంటుంది.

ఇక్కడ ఒకడు మంచి ప్రశ్న వేశాడు. "మన ఏఎల్‌పీ కిట్‌లోనే మెగ్నీషియం, జింక్ ఉన్నాయి కదా మేడమ్, మరి ఊడిపోయిన జింక్ కిట్‌లోంచి మళ్ళీ ఎక్కదా?" నిజమే, ప్రామాణిక పద్ధతి ప్రకారం ఆ రియేజెంట్‌లో మెగ్నీషియం అసిటేట్ 2 మిల్లీమోల్, జింక్ సల్ఫేట్ 1 మిల్లీమోల్ ఉంటాయి. కానీ మెషీన్ చూసేది కొన్ని నిమిషాలే. జింక్ పోయిన ఎంజైమ్ మళ్ళీ సర్దుకుని పనిలోకి దిగడానికి ఆ టైము చాలదు, కొంత శాశ్వతంగా పాడైపోతుంది కూడా. మేం ఆ పాడైన సీరంలో మెగ్నీషియం ఒక్కటే కలిపి అరగంట ఉంచి చూశాం, ఏమీ కదల్లేదు. జింక్ కలిపాం, మొదట అత్యాశకి పోయి ఎక్కువ కలిపితే ఇంకా పడిపోయింది. తగ్గించి కలిపితే కొంచెం లేచింది, పూర్తిగా రాలేదు. ఇది ఇంటి వంటలాంటి ప్రయోగం, దీన్ని పేపరుగా రాయమని ఎవరూ అడక్కండి.

ఎక్కువ జింక్ ఎందుకు చెడగొట్టిందంటే, ఈ ఎంజైమ్‌లో ఒక్కో పని చేసే చోట రెండు జింక్‌లు, ఒక మెగ్నీషియం ఉండాలి. ఫాస్ఫేట్‌ని పట్టుకుని విడగొట్టే పని జింక్‌లది, మెగ్నీషియం పక్కన ఉండి జోరు పెంచుతుంది. జింక్ మరీ ఎక్కువైతే మెగ్నీషియం సీటులో కూడా అదే కూర్చుంటుంది, పని మందగిస్తుంది. అందుకే కిట్ తయారీలో హెచ్‌ఈడీటీఏ అని ఈడీటీఏకి పిన్నికొడుకులాంటిదాన్ని పెడతారు, అది స్వేచ్ఛగా తిరిగే జింక్‌ని అదుపులో ఉంచుతుంది. ఒకింట్లో దొంగ, ఇంకో ఇంట్లో కాపలాదారు.

మరి అదే పాడైన సీరంలో ఏఎల్‌టీ, ఏఎస్‌టీ ఎందుకు బాగున్నాయి? వాటికి లోహం అక్కర్లేదు, బీ6 విటమిన్ రూపం చాలు. కండరాల ఎంజైమ్ సీకే? దానికి మెగ్నీషియం కావాలి, కానీ అది ఎంజైమ్ లోపల పాతుకుని ఉండదు, ఏటీపీతో జట్టుకట్టి వస్తుంది, కిట్‌లో 10 మిల్లీమోల్ మెగ్నీషియం పోసి ఉంచుతారు, ఆ కిట్‌లో ఈడీటీఏ కూడా ఉంటుంది, అయినా ఇబ్బంది లేదు. ఇక్కడే నాకు ఇన్నేళ్ళకి ఒక తేడా గట్టిగా అర్థమైంది. ఎంజైమ్‌కి లోహం రెండు రకాలుగా అవసరం, ఒకటి ఇంటి స్తంభంలా లోపల పాతుకున్నది, రెండోది పనికి వచ్చి పోయే కూలీ లాంటిది. కూలీ పోతే ఇంకో కూలీని పిలవొచ్చు, స్తంభం లాగేస్తే ఇల్లు కుంగుతుంది. పిండిపదార్థాన్ని అరిగించే అమైలేజ్‌కి కాల్షియం స్తంభమే, అందుకే దాన్ని కూడా పర్పుల్ ట్యూబులోంచి చెయ్యం.

యూరియా సంగతి ఇంకా సరదా. మా యూరియా కిట్‌లో యూరియాని విడగొట్టే యూరియేజ్ ఉంటుంది, మన తమ్మకాయ జాతి చిక్కుడు గింజల్లోంచి తీసే ఎంజైమ్ అది. 1926లో సమ్నర్ అనే ఆయన దీన్నే స్ఫటికంగా చేసి ఎంజైములంటే ప్రొటీన్లని చూపించాడు, స్ఫటికంగా మారిన మొట్టమొదటి ఎంజైమ్ ఇదే. అందులో నికెల్ ఉందని మాత్రం 1975 దాకా ఎవరికీ తెలీదు, దాదాపు యాభయ్యేళ్ళు సీసాలో కళ్ళెదురుగా ఉన్నా! ఆ నికెల్ ఎంత గట్టిగా కూర్చుంటుందంటే కాసేపు ఈడీటీఏ తగిలినా వదలదు, అందుకే పెద్దాయన యూరియా 118 నిజమైనదే. మన కడుపులో అల్సర్లు తెచ్చే హెలికోబ్యాక్టర్‌కి కూడా నికెల్ యూరియేజే. దాని చుట్టం ఒకటి ఫెర్రెట్ అనే ముంగిసలాంటి మాంసాహారి జంతువు కడుపులో ఉంటుంది, మాంసంలో నికెల్ చాలా తక్కువ, ఇనుము దండిగా దొరుకుతుంది, అది ఏం చేసిందంటే నికెల్ యూరియేజ్‌తో పాటు ఇనుముతో నడిచే యూరియేజ్ ఇంకోటి పెట్టుకుంది. ఏ ఊళ్ళో ఏది దొరికితే దాంతోనే కూర వండుకున్నట్టు.

మా కుర్రాళ్ళకి ఇది తెగ నచ్చింది. ఏఎల్‌పీ కూడా అంతేనా అని అడిగారు. మన పేగుల్లో బతికే ఈ-కోలై దగ్గర్నుంచి మన ఎముకల దాకా అదే రెండు జింక్‌లు, ఒక మెగ్నీషియం, మనుషుల ఎంజైమ్‌లో అదనంగా ఒక కాల్షియం సీటు కూడా ఉంది. కానీ సముద్రంలో ఉండే చాలా బ్యాక్టీరియా ఫాస్‌ఎక్స్ అని వేరే ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ వాడతాయి, పని ఒకటే, లోపల మాత్రం ఇనుము, కాల్షియం. నడి సముద్రంలో జింక్ అపురూపం. అక్కడ డయాటమ్‌లనే సూక్ష్మమైన నాచు జీవుల్లో కొన్నిటికి, కార్బన్ డయాక్సైడ్‌తో పని చేసే కార్బానిక్ అన్‌హైడ్రేజ్ అనే ఎంజైమ్‌లో జింక్ దొరక్కపోతే క్యాడ్మియం కూడా పనికొస్తుంది. మనకి విషమైన క్యాడ్మియం! మన ఎర్రకణాల్లో, వరి ఆకులో అదే పని జింక్ చేస్తుంది. వరికి జింక్ తగ్గితే ఆకులో ఆ ఎంజైమ్ పడిపోతుంది. పెద్దాయన కొడుకు అడిగిన ప్రశ్న ఇక్కడికొచ్చి కలిసింది.

ఎంజైమ్ పేరు చూసి దానికి ఏ లోహం కావాలో చెప్పలేం, అది ఏ జీవిది, అక్కడ ఏం దొరుకుతుంది అన్నది కూడా చూడాలి. మా పనికి వచ్చేసరికి ఇది చిన్న విషయంగా మారింది. కొన్ని ట్యూబుల్లో మందు ఏదో ఒక లోహాన్ని పట్టుకుని పని చేస్తుంది, లేదా లోహంతో నడిచే ఎంజైమ్‌ని ఆపుతుంది. గ్రే ట్యూబులో ఫ్లోరైడ్ షుగర్‌ని కాపాడేది కూడా షుగర్‌ని ఖర్చుచేసే దారిలో ఉన్న, మెగ్నీషియం మీద నడిచే ఎనోలేజ్ అనే ఎంజైమ్‌ని కట్టేసే. అదే ఫ్లోరైడ్ యూరియేజ్‌ని కూడా కట్టేస్తుంది, అంచేత గ్రే ట్యూబులోంచి యూరియా చేస్తే తక్కువ చూపిస్తుంది. ఒక ట్యూబులోంచి ఇంకో ట్యూబులోకి ఒంపితే రక్తం ఒక్కటే పోదు.

ఏం మార్చాం

పొటాషియం 6 దాటి, దాంతోపాటు కాల్షియం 7 కన్నా తక్కువైనా, ఏఎల్‌పీ పాత దాంట్లో సగం కన్నా పడిపోయినా సిస్టమ్ రిపోర్టుని ఆపి మెగ్నీషియం అడిగేలా పెట్టాం. ఫోన్ మాత్రం ఆపం. ఫోన్ వెంటనే చేస్తాం, కానీ "కన్ఫర్మ్" అనే మాట మా ల్యాబ్‌లో ఎవరూ వాడకూడదు, "ఈ విలువ వచ్చింది, ఈ అనుమానం ఉంది, ఈసీజీ తీయించండి, కొత్త శాంపిల్ పంపండి" అని చెప్పాలి. కొత్త శాంపిల్ వస్తే తప్ప ఏ అనుమానమూ తీరదు. రెడ్డు ముందు, పర్పుల్ తర్వాత అన్న కార్డు ప్రతి ఐస్ బాక్స్ మూతకీ అంటించాం. కలెక్షన్ కుర్రాణ్ణి తీసెయ్యాలని ఒకరిద్దరు అన్నారు, నేను ఒప్పుకోలేదు, ఇప్పుడు కొత్తవాళ్ళకి నేర్పేది వాడే, "అదీ అదే రక్తం కదా" అన్న తన ప్రశ్నతోనే మొదలెడతాడట. రక్తం చాలకపోతే చాల్లేదని చీటీ రాసి పంపమన్నాం, అరకొర రక్తం పంపినందుకు ఎవర్నీ తిట్టం అని మాటిచ్చాం. నిజం చెప్పాలంటే అంతకుముందు తిట్టేవాళ్ళం, వాడు ఒంపింది అందుకూ కావచ్చు.

పోయిన వేసవిలో ఇంకో రిపోర్టు వచ్చింది, ముప్ఫై అయిదేళ్ళ ఆవిడ, ఏఎల్‌పీ 22. మా వాళ్ళు అందరూ ఒక్కసారిగా "ఈడీటీఏ మేడమ్!" అని అరిచారు. పొటాషియం 4.2, కాల్షియం 9.4, మెగ్నీషియం నార్మల్, క్లాట్ గట్టిగా పట్టింది. రెండు గంటల తర్వాత మళ్ళీ పెడితే 22 కాస్తా 22 గానే ఉంది. ట్యూబుది తప్పు కాదు. మూడు నెలలాగి కొత్త రక్తంతో చేసినా 24. పాదం ఎముకలో పగులు మానటం లేదని ఆవిడకి అంతకుముందు నుంచే వైద్యం నడుస్తోందని వాళ్ళ డాక్టర్ అప్పుడు చెప్పారు. ఆవిడని పెద్దాసుపత్రిలో ఎండోక్రైనాలజిస్ట్ దగ్గరికి పంపారు, హైపోఫాస్ఫటేషియా అనుమానంతో చేసిన జీన్ టెస్ట్ రిజల్ట్ ఇంకా రాలేదు.